పోయే ఊరి వరసలో ఒక పేరు

వారం 9, సోమవారం

ఇది పెద్ద పుస్తకం కాదు. పెద్ద పుస్తకంలో నా సొంత గొడవలు రాసుకోవడానికి వీల్లేదు. కాగితం కత్తిరించగా మిగిలిన ముక్కలు కుట్టుకుని దీన్ని నా కోసం చేసుకున్నాను. ఎవరి కంటా పడకపోతే అదే పదివేలు.

పొద్దున క్యాను పట్టుకుని నీళ్లకు పోయాను. నెమ్మదిపేటలో కొళాయిలు రెండే. ఒకటి వంటశాల దగ్గర, ఒకటి కప్పు కింద పంట వేసే మూడో మడి గుమ్మంలో. మడి గుమ్మంలో కెజియమ్మ గరిటెతో కొలిచి పోస్తుంది, మనిషికి ఆరు గరిటెలు. ఎప్పుడూ ఆవిడ దగ్గరే లైను పొడుగు. ఆరో గరిటె నిండా, పొంగేలా పోస్తుంది మరి. పోస్తూ ఏదో ఒక ఎకసెక్కెం ఆడుతుంది. నన్నయితే "లేఖరీ, ఇయ్యాల చరిత్ర ఎందాకా వచ్చింది?" అని అడుగుతుంది.

ఇవాళ ఆవిడ ముందు ఒక్కరూ లేరు. గరిటె పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. వంటశాల కొళాయి దగ్గర మాత్రం పేట పేటంతా ఉంది. నేనూ వెళ్లి అక్కడే నిలబడ్డాను. ఆవిడ వైపు చూడలేదు. నిన్న నేను చదివిన దానివల్లే ఇదంతా.

నిన్న జరిగింది సరిగ్గా రాసుకోవాలి. నెల రోజులుగా మూడో మడిలో జొన్న పసుపెక్కుతూ వచ్చి శుక్రవారానికి పూర్తిగా చచ్చిపోయింది. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే చేతిలోంచి జారిపోతున్నాయి. చిక్కుళ్లూ దుంపలూ ఉన్నాయి కాబట్టి ఆకలికి చావం. కానీ రొట్టె లేదు. ప్రభువు బల్ల మీద పెట్టడానికి కూడా లేదు. ఆదివారం జనమంతా గుళ్లో కూర్చుని నా మొహంలోకే చూశారు.

చూడరూ మరి! ఎందుకిలా జరిగిందో చెప్పాల్సిన మనిషిని నేనే. నేను ఈ పేట లేఖరిని. పెద్ద పుస్తకంలో ప్రతి కాగితం మీదా రెండు వరసలుంటాయి. కుడివైపు దేవుడిదైన రాబోయే ఊరు, ఎడమవైపు పాపంతో నశించి పోయే ఊరు. క్రీస్తు తర్వాత తొలి శతాబ్దాల బోధకులు మనుషుల చరిత్రనంతా అలాగే చూశారట. లోకంలో ఉన్నవి రెండే ఊళ్లనీ, వాటి మధ్య గోడ లేదనీ, ఆఖరు రోజు దాకా ఏ మనిషి ఏ ఊరివాడో ఎవరికీ తెలియదనీ చెప్పారు. కాలం గుండ్రంగా తిరిగే చక్రం కాదనీ, ఆరు పనిదినాలున్న వారంలాంటిదనీ, ప్రతి దినం చివరా ఒక సాయంత్రం, ఒక పతనం ఉంటుందనీ కూడా చెప్పారు. మనమిప్పుడు ఆరో దినంలో ఉన్నాం. ఆ బోధ పట్టుకునే మా పెద్దలు ఈ ఎర్రనేల మీద పేట కట్టిన రోజే ఒక నియమం పెట్టారు. ఈ వరసల్లో జరిగిన పనులు రాయండి, మనుషుల పేర్లు మాత్రం రాయకండి. పేర్ల సంగతి ఆఖరు రోజు కోతనాడు, కోసే దేవదూతలు చూసుకుంటారు.

అరవై ఒక్క ఏళ్లలో నాకు ముందు ముగ్గురు లేఖరులు. ముగ్గురూ ఆ నియమం తప్పలేదు. నేను తప్పాను.

"కెజియ కలిపిన నీళ్లతో మూడో మడి చచ్చింది." ఎడమ వరసలో అలా రాసి, లేచి నిలబడి చదివాను. మూడో మడికి నీళ్లు కలిపి, వాటి వేడి కొలిచి పలక మీద రాసేది ఆవిడే. ఆ పలక మీద వేడి ప్రతిరోజూ సరిగ్గానే ఉంది. మడి మాత్రం చచ్చింది. అంటే దొంగ అంకెలు వేసిందన్నమాట, అనుకున్నాను. పైగా పదకొండేళ్ల కింద దక్షిణపు పేట కప్పు కూలినప్పుడు బతికి బయటపడి మా దగ్గరికి వచ్చిన మనిషి. గుడి గడప తొక్కదు. ఒక పతనంలోంచి వచ్చినావిడ ఇంకో పతనం తెచ్చిందంటే నా లెక్కలో ఎంతో చక్కగా ఇమిడింది. నేను చదవగానే గుడంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నచ్చింది.

పుస్తకాల గది వెచ్చగా ఉంది. ఆరు వారాల కింద పెద్ద పుస్తకానికి బూజు పట్టింది. రెండో తరం కాగితాల మీద అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. గోడలో వేడినీళ్ల పైపు మీద ఒక పిడి ఉంటే సగం ఇటు తిప్పాను. బూజు ఆగింది. ఇప్పుడు ఆ పైపుకు వీపు ఆనించి కూర్చునే ఇది రాస్తున్నాను. ఈ ఏడాది మొత్తంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే ఇదే.

వారం 9, గురువారం

పొద్దునంతా పైకప్పు అద్దాలు తుడిచే వంతు. ఎర్రదుమ్ము ఎంత తుడిచినా మర్నాటికి మామూలే. తుడుస్తుండగా కింద సంఘపెద్దల మాటలు వినిపించాయి. కెజియమ్మను అంచు పంపుకు పంపిస్తారట. సోమవారం బండిలో.

అంచు పంపంటే ఇక్కడికి పన్నెండు గంటల దారి. నేల లోపలి మంచు కరిగించి మనకు నీళ్లు పంపే యంత్రం, పక్కన ఒక గది. బండి నాలుగు వారాలకొకసారి పోతుంది. మామూలుగా ఇద్దరు కుర్రాళ్లు వంతులేసుకుని ఉంటారు. కెజియమ్మ ఒక్కతే ఉండాలట. కప్పు కూలిన రోజు పీల్చిన దుమ్ము ఆవిడ ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. అక్కడి చలి ఆవిడకు పడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. సంఘపెద్ద తబితమ్మగారికి ఈ నిర్ణయం ఇష్టం లేదు. కానీ "లేఖరే పేరు పెట్టి చదివాక నేనేం చెప్పేది?" అన్నదట.

మధ్యాహ్నం పుస్తకాల గది తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే కెజియమ్మ.

"తలుపు తియ్యి లేఖరీ. గోడలో పైపు ఒకసారి ముట్టుకు చూసి పోతా."

"బయటివాళ్లు లోపలికి రాకూడదమ్మా. పుస్తకానికి చెమ్మ తగులుతుంది."

"పదకొండేళ్లాయె. ఇంకా బయటిదాన్నేనా?"

నేను తలుపు ఇంకాస్త దగ్గరికి వేశాను.

"నీ పుస్తకాన్నేం కొరుక్కు తిననయ్యా. నాలుగడుగులు లోపలికేసి, చెయ్యి ఆనించి పోతా."

"నియమం నియమమే కదమ్మా."

నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక, "అట్టాగే. అయితే నువ్వే ముట్టుకు చూడు" అని వెళ్లిపోయింది. నేను నియమం గురించి మాట్లాడానంటే నాకే నవ్వొస్తోంది. పేరు రాసిన చేత్తోనే తలుపు మూశాను.

వారం 9, శుక్రవారం

ముట్టుకు చూశాను.

పిడి దాకా చెయ్యి పెట్టలేనంత వేడి. పిడి దాటాక, మూడో మడి వైపు పోయే ముక్క రాయిలా చల్లగా ఉంది. కెజియమ్మ వేడి కొలిచేది అటు తొట్టి దగ్గర. అక్కడ నీళ్లు నిజంగానే వెచ్చగా ఉన్నాయి. ఆవిడ అంకెలన్నీ నిజమే. ఆ నీళ్లు మడికి చేరేలోపు వాటి వేడంతా నేను ఈ గదిలోకి లాక్కున్నాను. ఆరు వారాలుగా జొన్న వేళ్లు చలికి చస్తుంటే, నేను ఆ పైపుకు వీపు ఆనించి మనుషుల చరిత్ర రాసుకుంటున్నాను.

ఈ గది తాళం నా ఒక్కడి దగ్గరే ఉంది. పిడి తిప్పింది నేనని ఎవరికీ తెలియదు. నా మనసులో మొదట మెదిలిన మాట ఇదే. ఛీ!

వారం 9, శనివారం

చెబుదామని తబితమ్మగారింటికి వెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లకు పీచు తీస్తోంది. "రా ఫిలోమోనూ, కూచో" అంది. ఎదురుగా కూర్చుని నేనూ గుప్పెడు తీసుకుని పీచు తీశాను. ఈ ఏడు గింజ బాగా పట్టిందన్నాను. అవునంది. ఇంకా ఏమైనా చెప్పాలా అని అడిగింది. ఏం లేదన్నాను. తట్ట నిండేదాకా పీచు తీసి ఇంటికొచ్చేశాను.

వారం 9, ఆదివారం

గుళ్లో చెబుదామనుకున్నాను. చదవాల్సింది కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. లేచి నిలబడ్డాక ఆ కాగితం జేబులోంచి తీయలేదు. మూడో తరంవాళ్లు రెండో మడి తవ్విన ఏడాది గురించి చదివి కూర్చున్నాను. అందరూ "ఆమెన్" అన్నారు.

వారం 10, సోమవారం

బండి వెళ్లిపోయింది.

ఇంకోలా రాయడం నాకు చేతకాదు. నేను అక్కడే ఉన్నాను. బండి తోలే ఏలియాబు "లేఖరిగారూ, ఆ సంచీ ఒకటి అందుకోండి" అంటే, కెజియమ్మ సంచీ నేనే ఎత్తి బండిలో పెట్టాను. రెండు దుప్పట్లు, ఒక గరిటె. కొళాయి దగ్గర గరిటె. దాన్ని ఎందుకు తీసుకుపోతోందో అడగలేదు.

ఎక్కబోతూ ఆగి, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ముట్టుకు చూశావా?"

"ఏమిటి?" అన్నాను.

ఏమిటి అన్నాను! అన్నీ తెలిసి, ఆవిడ కళ్లలోకి చూస్తూ అన్నాను. ఆవిడ "ఏం లేదులే" అని బండెక్కింది. తలుపు మూసుకుంది. నేను చెయ్యెత్తి ఊపాను కూడా.

ఇంటికి రాగానే పుస్తకాల గదిలోకి పోయి పిడిని మొదట్లో ఉన్నట్టే తిప్పేశాను. ఎవరూ చూడకుండా, దొంగలా.

వారం 10, శనివారం

మూడో మడిలో మిగిలిన విత్తనమంతా మంగళవారం మళ్లీ చల్లారు. అది పోతే ఇక విత్తనం లేదు. ఇవాళ మొలకలొచ్చాయి. మడి మొత్తం లేత పచ్చ. వేళ్లు తెల్లగా, దారాల్లా ఉన్నాయి. ఆడవాళ్లు మడి గట్టు మీద మోకాళ్లూని ప్రార్థన చేశారు. ఎవరో పాట ఎత్తుకున్నారు.

"చూశారా లేఖరిగారూ? ఆవిడటు పోయింది, ఇటు మొలకొచ్చింది" అన్నాడు ఏలియాబు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. "మీరు చదివింది అక్షరాలా నిజమైంది. రేపు కుడి వరసలో రాయండి మరి, పాపం బయటికి పోయాక మడి బతికిందని."

నేను భయపడింది మొలకలు రావేమోనని. మొలకలే నా అబద్ధానికి సాక్ష్యం చెబుతాయని అనుకోలేదు. రేపు అది కూడా రాస్తే, ముందు ముందు పిల్లలు దాన్నే చరిత్ర అని చదువుకుంటారు. నేను పోయాక కూడా ఆవిడ పోయే ఊళ్లోనే ఉండిపోతుంది.

పుస్తకాల గది మళ్లీ చల్లబడింది. మొదటి తరం కాగితాల అంచున తెల్లటి నూగు కనిపిస్తోంది.

వారం 10, ఆదివారం

జ్వరమని చెప్పి గుడికి పోలేదు. జ్వరం లేదు. రాయలేను, చెప్పలేను, అందుకే దుప్పటి కప్పుకుని పడుకున్నాను. తబితమ్మగారు జావ పంపించింది. తాగాను. నాకసలు మానమర్యాదలున్నాయా?

వారం 11, మంగళవారం

రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ అంచు పంపు నుంచి రేడియోలో పిలుపు వస్తుంది. ఎన్ని తొట్ల నీళ్లు తోడారో చెబుతారు. అందరం తింటూ వింటాం. మొన్నటిదాకా కెజియమ్మ గొంతు ఎప్పట్లాగే ఉంది. "పద్నాలుగు తొట్లు. కూరేంది ఇయ్యాల?" అని అడిగేది. ఎవరూ జవాబు చెప్పేవారు కాదు.

ఇవాళ "పన్నె" అని, పన్నెండు పూర్తికాకుండానే దగ్గు మొదలైంది. ఆగలేదు. భోజనాల గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ దగ్గడం, మళ్లీ పీల్చుకోవడం వినిపిస్తోంది. తబితమ్మగారు మైకు పట్టుకుని "కెజియా! కెజియా, ఉన్నావా?" అంటోంది. చాలాసేపటికి "తొమ్మిది తొట్లే" అని వినిపించింది. అంకె కూడా మరిచిపోయింది.

మా బోధలో ఒక మాట ఉంది. ఏ చెట్టు దగ్గర మనిషి తప్పిపోయాడో, ఆ తప్పు మళ్లీ ఒక చెట్టు దగ్గరే, సిలువ మాను మీదే, సరిదిద్దబడిందనీ, చెడినది ఎలా చెడిందో అదే దారిన వెనక్కి నడిస్తేనే బాగవుతుందనీ. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఇది చెబుతున్నాను. పిడిని మాత్రం చాటుగా వెనక్కి తిప్పి, పనైపోయిందనుకున్నాను. పేరు చాటుగా చదివానా? అందరి ముందూ చదివాను.

లేచి వెళ్లి మైకు తీసుకున్నాను.

"కెజియమ్మా, నేను ఫిలోమోనుని. మూడో మడిని చంపింది నేను. బూజు పోవాలని పుస్తకాల గదిలో పిడి తిప్పాను. వేడి మడికి పోలేదు. నువ్వు వేసిన అంకెలన్నీ నిజమే. నువ్వు పోయాక మొలకలొచ్చింది నువ్వు పోయినందుకు కాదు. నేను పిడి వెనక్కి తిప్పినందుకు."

రేడియోలో గాలి చప్పుడు మాత్రమే వస్తోంది.

"తెలుసయ్యా" అంది.

"ఎప్పట్నుంచి?"

"నీ గది అవతల గోడకాడ పైపు పట్టుకు చూసిన్నాటి నుంచి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

మళ్లీ దగ్గింది. దగ్గు తగ్గాక అంది, "చెప్తే ఎవురు నమ్ముతారు? పుస్తకంలో నా పేరుందిగా."

ఎవరో నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. ఏలియాబు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. "రాయండి! ఈయన పేరు కూడా ఎడమ వరసలో రాయండి! ఇప్పుడే, మన కళ్లముందే!" అని అరిచాడు. చాలామంది "రాయాలి, రాయాలి" అన్నారు. నాకూ అదే న్యాయమనిపించింది. నిజం చెప్పాలంటే, నా పేరు రాసేస్తే బాకీ తీరిపోయినట్టు ఉంటుందని లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది.

తబితమ్మగారు బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"ఒక్క పేరు రాసినందుకే మనిషి అక్కడ చస్తా ఉంది. ఇంకోటి రాద్దామా? ఏలియాబూ, అరుపులాపి బండి తియ్యి. మందులు పెట్టుకో. ఎంటనే పో."

"వంతు ఇంకా రాలేదు కదమ్మా. బండికి ఇంధనం..."

"నా వంటింటి భాగం తీసుకుపో."

అరగంటలో బండి బయలుదేరింది. నేనూ వస్తానన్నాను. ఏలియాబు నా మొహం కూడా చూడలేదు. తబితమ్మగారు, "నువ్వొస్తే ఆమెకి సాయమా, నీకు సాయమా? కూచో" అంది.

వారం 11, శుక్రవారం

కెజియమ్మ బుధవారం వచ్చేసింది. వైద్యశాలలో ఉంది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉండుంటే కష్టమయ్యేదని కూడా అన్నారు. ఆవిడ బండెక్కిన సోమవారం నుంచి ఒక్కో రోజూ లెక్కపెట్టుకున్నాను. నోరు మూసుకుని గడిపిన రోజులన్నీ ఆవిడ ఊపిరిలోంచి తీసుకున్నవే.

సంఘం కూడింది. రాసినది కొట్టేయకూడదన్నది మా పుస్తకం నియమం, కాబట్టి ఆవిడ పేరున్న వాక్యం అలాగే ఉంటుంది. దాని కింద నేను రాయాల్సింది తబితమ్మగారే చెప్పింది. "ఒక చెయ్యి పిడి తిప్పింది. ఆ చెయ్యే ఒక పేరు రాసింది." అంతే. నా పేరు లేదు.

లేఖరి పని మానేస్తానన్నాను.

"మానేస్తే నీకు సుఖంగా ఉంటది. మానవు. ఏటా మడి కోసిన ఆదివారం ఈ రెండు వాక్యాలూ నువ్వే లేచి చదవాల" అంది తబితమ్మగారు.

బూజు సంగతి అడిగాను. పిడి మడి వైపే ఉంటే పుస్తకం నిలవదు. "తడిస్తే తడవనీ. మనం చేసిందంతా కాగితం మీద లేకపోతే పైనున్నాయనకి గుర్తుండదా?" అంది. ఒట్టు, ఇరవై ఏళ్లు బోధించిన నాకు ఆ మాట ఒక్కసారి కూడా తట్టలేదు.

చివరికి పుస్తకం కుట్టు విప్పి ఇంటికి నాలుగేసి కాగితాలు పంచారు. పొయ్యి పక్కన పొడిగా పెట్టుకోమన్నారు. అందరూ తాతల కాలం నాటివి అడిగి పట్టుకుపోయారు. కెజియమ్మ పేరున్న కాగితం ఎవరూ తీసుకోలేదు. అది నా దగ్గరే ఉంది.

వారం 12, గురువారం

కెజియమ్మ ఇవాళ కొళాయి దగ్గరికొచ్చింది. మెడకు తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మనిషి సగమైంది. గరిటె అదే.

జనమంతా మడి గుమ్మం దగ్గరే లైను కట్టారు. క్యాను పెట్టడం, నీళ్లు పోయించుకోవడం, తలొంచుకుని పోవడం. ఏలియాబు "అక్కా, మందులేసుకున్నావా?" అని అడిగాడు. "ఏసుకున్నా గానీ, కూరేంది ఇయ్యాల?" అంది. "చిక్కుళ్లేనక్కా" అన్నాడు.

నేను చివర్న నిలబడ్డాను. వంటశాల కొళాయి దగ్గర ఎవరూ లేరు. అక్కడికి పోయి పట్టుకుంటే ఈ మొహం చూపించే పని ఉండదు. రెండుసార్లు అటు అడుగేసి మళ్లీ లైన్లోకి వచ్చాను. నా వెనక ఇంకో ముగ్గురు వచ్చి చేరారు. ఏం చెప్పాలో పొద్దున్నుంచీ కూడబలుక్కుంటున్నాను. క్షమించమనాలా, కాళ్ల మీద పడాలా, ముందు ఏ మాట, తర్వాత ఏ మాట.

నా వంతు వచ్చింది. కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది. క్యాను పట్టుకుని నిలబడిపోయాను. దాన్ని చాపడానికి చేతులు రాలేదు. కళ్లనిండా నీళ్లు, ముందు ఏమీ కనబడటం లేదు.

ఆవిడ వంగి నా చేతుల్లోంచి క్యాను తీసుకుంది. మూత తానే తిప్పి తీసింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతూ ఆరు గరిటెలు పోసింది. ఆరోది అంచు దాటి పొంగి నా పాదాల మీద పడింది.

"జరుగయ్యా లేఖరీ," అంది, "ఎనకాల జనం ఉన్నారు."